తువ్వాలు కింద

ఒక్క దినానికే మాయమైపోయేటట్టు పెట్టి పంపినా, మాబున్నీ,
"ఎడమ పక్క గడ్డ. బళ్ళారిలో ముక్క తీసినారు" అని.
మర్నాటికి నా ఫోన్లో లేదు. నీ ఫోన్లోనూ లేదు.

మీ జిన్నింగు మిల్లులో ఫోన్లు గేటు కాడే పెట్టిస్తారు గదా,
నువ్వు కంప్యూటర్లో తెరిచి చదివినావు.
అది ఐదు సెకండ్లకొక ఫోటో తీసుకుంటాదని
నీకూ తెల్దు. షావుకారు పెట్టిచ్చినాడంట,
పని ఎగ్గొట్టేటోళ్ళను పట్టడానికి.
పత్తి క్వింటాలు రేటుకూ లారీ నంబరుకూ నడుమ
నా రొమ్ము ఇప్పుడు తారీకుతో, టైముతో సహా ఉంది.

"నేనెవురికీ చెప్పలేదు మే" అని ఏడ్చినావు.
నిజమే. అదీ ఎవురికీ చెప్పలేదు.
ఊరికే పెట్టుకుంది.

తాళం గట్టిదే. దారిలో ఎవురూ విప్పలేరు.
చదవాలంటే నువ్వు విప్పాల్సిందే గదా,
విప్పినాక నీ కండ్లెనక ఇంకో కన్ను.

మా నాయన ఎద్దుల దళారి. ఎమ్మిగనూరు పరసలో
అంత జనం నడుమ నిలబడి
తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని రేటు చెప్పేటోడు.
పక్కనోడికి కనపడేది గుడ్డ కదిలిందని, అంతే.
నీ తెరకు అట్లాంటి గుడ్డ యాడ తేను?

అందుకే ఫలితం వచ్చినాక రాయలేదు.
ఆదోనికొచ్చి, షిఫ్టు ఇడిచేదాకా గేటు కాడ కాచుకున్నా.
జుట్టుకు దూది పోగులంటుకొని వచ్చినావు.
నీ చున్నీ కింద చెయ్యి దొరకబుచ్చుకొని నొక్కినా.
ఎన్ని వేళ్ళో ఇక్కడ రాయను.

బేరం కుదిరినాక నాయన తువ్వాలు దులిపి భుజానేసుకునేటోడు.
నువ్వు చెయ్యి ఇడవలేదు,
బస్సొచ్చినా.