కేదార దేవు బరువు

నౌపడా బండి గుణుపురం చేరేసరికి తొమ్మిదింబావు.
ప్లాట్‌ఫారం చివర దండపాణి బిసోయి,
చేతిలో అట్టముక్క.
ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా,
ఎటు తిప్పినా ఒకటే రాజు.

ఆరుగురం, ఒక జీపు.
మనిషికి నాలుగొందలు, పకాళ అన్నం అందులోనే.
"ముప్ఫై ఏళ్ళు సర్వేలో గొలుసు లాగేనండి" అన్నాడు,
"మన రాజు పుట్టిన చోటు నించి పోయిన చోటుకి
నూటపది గొలుసులు, పదిహేడు లింకులు.
అంతే.
మధ్యన తిరిగిందంతా చూడాలంటే మాత్రం
పొద్దు గూకిపోద్ది."

పుట్టిన చోట చెరుకుంది.
చెరుకు చూశాం.
రిటైరైన కాంపౌండరు దానికే ఒక ఫొటో తీశాడు.

శాసనం రేషను డిపో గోడలో ఉంది,
ఎవరో తాపీమేస్త్రి అడ్డంగా పడుకోబెట్టేశాడు.
చదవాలంటే తల భుజం మీదికి వాల్చాలి.
ఆరుగురం తలలు వాల్చి నిలబడితే
బియ్యం క్యూలో ఆడవాళ్ళు
కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.
పదకొండు వరుసలు.
ఉప్పు కావిళ్ళ మీద సుంకం మాఫీ చేశాడట కేదార దేవు.
ఎందుకో చెప్పే వరుస దగ్గరే రాయి పగిలింది.
"ఉప్పెక్కువ తినేవాడేమో"
అంది రాజాం నించి వచ్చిన టీచరమ్మ.
దండపాణి నవ్వలేదు.
నోటుబుక్కు తీసి రాసుకున్నాడు.
వచ్చే ఆదివారం వాళ్ళకి
అది చరిత్ర.

కోటలో మిగిలింది ఒక గడప, పద్నాలుగు మేకలు.
"ఏఠి ఏనుగుసాల. ఏఠి రాణీవాసం."
మడమతో మట్టి మీద గీస్తూ
వట్టి గాలిలో గదులు కట్టుకుంటూ పోయాడు.
కాంపౌండరు అడ్డంగా నడిచొస్తుంటే
"అది గోడండీ!" అని కేకేశాడు.
పాపం పెద్దమనిషి ఉలిక్కిపడి,
వెనక్కెళ్ళి,
గుమ్మం లోంచి వచ్చాడు.
నేను పాలకొండ రిజిస్ట్రారాఫీసులో
జనం ఆస్తులకి నాలుగు హద్దులూ రాస్తాను.
ఉన్న గోడని కూడా
అంత నమ్మకంగా ఎప్పుడూ రాయలేదు.

ఇప్పచెట్టు కింద పకాళ, ఎండుచేప, కాల్చిన మిరపకాయ.
రాజు ఎటువైపు వాడన్న గొడవ అక్కడే వచ్చింది.
కాంపౌండరు లిపి చూపించాడు, జీపు డ్రైవరు ఇంటిపేరు చూపించాడు.
చేపలైపోయేసరికి ఇద్దరూ నీళ్ళకి లేచారు.

తరవాత కొండ. జీపెక్కని దారి.
పైన సవర గూడెంలో సుకుమి గొమాంగో
కొండచీపుర్లు కడుతోంది.
రాజు గురించి చెప్పమంటే తలెత్తలేదు,
తాడు బిగిస్తూనే చెప్పింది.

"పల్లకీ మోసింది మావోళ్ళే.
బరువుండేవోడు.
ఎడమకి ఒరిగి కూకునేవోడట,
ఎడమ దండె వాళ్ళకి
కుంచెడు చోళ్ళెక్కువ ఇచ్చీవోరు.
ఎక్కేటప్పుడు నిద్రపోయీవోడు.
దిగేటప్పుడే ఆపమనీవోడు.
భయం.
పల్లకీ దిగి,
ఎవుడో ఒకడి భుజం అట్టుకుని నడిచీవోడు.
కిందకెళ్ళేక మళ్ళీ ఎక్కీవోడు,
ఊళ్ళోవోళ్ళు సూడకముందే."

ఇది దండపాణి రాసుకోలేదు.
ముందే తెలుసు కాబోలు.
టీచరమ్మ మూడు చీపుర్లు కొంది.

దిగుతుంటే కాళ్ళ కింద గులకరాళ్ళు జారాయి.
చెప్పులు చేత పట్టుకుని టీచరమ్మ,
ఆవిడ చీపురుకట్ట రెండో కొస పట్టుకుని కాంపౌండరు.
నా మోకాలు సంగతి నాకు తెలుసు.
అడక్కుండానే ముందున్న భుజం పట్టుకున్నాను.
చొక్కా కింద ఎముక,
ఎముక మీద గోలీకాయంత కాయ,
ముప్ఫై ఏళ్ళ గొలుసుది.
దండపాణి వెనక్కి చూడలేదు.
అడుగు కురచ చేశాడు,
అంతే.

రాజు పోయిన చోటు చూళ్ళేదు.
బండికి వేళయిపోయింది.
"అది మళ్ళీ వచ్చినప్పుడండి" అన్నాడు,
నాలుగొందల్లోంచి పాతిక తిరిగిస్తూ,
అట్టముక్క మడిచి చంకలో పెట్టుకుంటూ.