మైకు కర్ర

ఒడీలియా తీసిన తొమ్మిది సినిమాలకూ
మైకు కర్ర మోసింది నేనే.

మొదటి ఆరూ సైకిళ్లే.
బొయకా కొండదారుల్లో నేను బండి నడుపుతుంటే
వీపుకి వీపు ఆనించి, వెనక్కి తిరిగి కూర్చుని
ఎత్తు ఎక్కలేక నోళ్లు తెరిచిన కుర్రాళ్లను తీసేది.
నా చెవుల్లో చైన్ల కరకర, ఊపిళ్లు,
నడుమ నడుమ ఓ బూతు.
బూతులు కత్తిరింపులో పోయేవి.
నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఏడోదానికి ఎవెలియో ఇంటికి వెళ్లాం.
రేసు ఓడి మూడు రోజులు.
సైకిల్ మీద బంగాళదుంపల బస్తా వేసి
తోసుకొస్తున్నాడు, తొక్కడం లేదు.
"తీయకండి" అన్నాడు.
ఆమె కెమెరా దించింది.
నేను రికార్డర్ ఆపడం మరిచాను.

అందులో వాళ్లమ్మ క్లోతిల్దె గొంతు పడింది:
మందు కొట్టడం మానేశాం.
మొదటి ఏడు పెట్టుబడి మట్టిపాలు.
రెండో ఏడు వానపాములొచ్చాయి.
మూడో ఏటికి దుంపలు.
"ఇదీ ఎత్తే కదమ్మా, గేరు తగ్గించుకుని తొక్కాలి."
తర్వాత ఒక నవ్వు.

ఆ నవ్వు పట్టుకుని ఒడీలియా
నాలుగేళ్లు ఆ చేలోనే ఉండిపోయింది.
ఎనిమిదో సినిమాలో ఎవరూ ఎక్కడికీ పోరు.
ప్రదర్శనలో మూడో వరసాయన ఆవులించాడు.
ఆమెకి వినబడలేదు.

తొమ్మిదోది ఇంకా సాగుతూనే ఉంది.
మోకాళ్లు పట్టేసిన మనిషి
నిన్న చాళ్ల మధ్య బోర్లా పడుకుని
"మైకు మట్టికి ఆనించు" అంది.
ఆనించాను.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత సన్నగా, టిక్. టిక్.
"విన్నావా, వానపాము!"

గట్టు మీద బోర్లించిన ఎవెలియో సైకిల్,
వెనక చక్రం గాలికి తిరుగుతోంది.
నేను చెప్పలేదు.