ఎడమ చెంప

మొదటి రోజు కుడి చెంప మీద మూడు గాట్లు,
గెడ్డం కింద ఒకటి,
చెవి తమ్మె దగ్గర ఇంకొకటి.
అదెలా తెగిందో ఇప్పటికీ తెలీదు.
"ఎర్రచీమల పుట్ట మీద తొంగున్నావేటి?"
అంది మా పైడమ్మ, పటిక ముక్క చేతిలో పెడుతూ.

మిల్లు మూసి నలభై రోజులు.
గేటు ఎదురుగా తవిటయ్య సెలూనూ మూతపడింది.
మూడు షిఫ్టుల గెడ్డాలే అతని మడిచెక్క.
కుర్చీ అమ్మేశాడు, నిలువుటద్దం అమ్మేశాడు,
కత్తి మాత్రం అమ్మబుద్ధి కాక
నాకివ్వాల్సిన రెండొందల కింద నా చేతిలో పెట్టి
"ముప్పయ్యేళ్ళు నీ మొహం మీదే నడిసింది,
దారి దానికి తెలుసు, నీకే తెల్దు" అన్నాడు.

నిజమే.
రెండో రోజు వెంట్రుక తెగలేదు, పీకింది.
కళ్ళమ్మట నీళ్ళు. కత్తి మొండిదని తిట్టాను.
సాయంత్రం తవిటయ్య వచ్చి అరుగు మీద కూకుని
అంచుని ముంజేతికి ఒకసారి ఆనించి చూసి
నేను గుమ్మానికి కట్టిన మిల్లు బెల్టు ముక్కని తడిమాడు.
నిండా గాట్లే.
"అంచు ముందెట్టి రాసీసేవు.
వీపు ముందెల్లాల, అంచు ఎనకాల రావాల,
ఎడ్ల ఎనక బండిలాగ.
బండి ముందెల్తే ఏటవుద్ది?"

మూడో రోజు మంట.
"ఈ నురగేటి, భీమిలి ఒడ్డు నురగలాగ? ఊదితే పోద్ది.
పెరుగు తోడుకున్నట్టు నిలబడాల.
ముందు ఏడినీళ్ళ గుడ్డ కప్పు, తొందరేటి నీకు,
షిఫ్టు కెల్లాలా?"
అని, నాలిక్కరుచుకున్నాడు.

కత్తి వీపుకీ చర్మానికీ మధ్య
మూడు రూపాయి బిళ్ళలు దూరాలట.
బరువు చెయ్యిది కాదట, ఇనుముదేనట.
మెడ మీద వేళ్ళతో తడుముకుంటే
కుడివైపు వెంట్రుకలు కిందికి,
ఎడమవైపు చెవికేసి, అడ్డంగా.
యాభయ్యేళ్ళు మోసిన మొహం,
ఏ గడ్డి ఎటు వాలిందో ఒక్కనాడు చూడలేదు.

ఐదో రోజుకి కుడి చెంప లొంగింది.
ఎడమది లొంగదు.
కుడి చెయ్యి అటు తిప్పితే మోచెయ్యి అద్దానికి అడ్డం.
ఎడమ చేత్తో పడితే కత్తి నాది కాదు.
విసుగొచ్చి అలాగే ధర్నా టెంటు కెళ్ళి కూర్చుంటే
"ఏం గురయ్యా, సగం సెటిల్మెంటేనా?" అన్నాడు బొంతు సూరప్పడు.
నలభై ఐదు రోజుల్లో
టెంటు మొత్తం నవ్వడం అదే మొదలు.
నేనూ నవ్వాను, గాట్లు చురుక్కుమన్నాయి.

తవిటయ్య నవ్వలేదు.
"స్పిన్నింగులో తెగిన పోగు
ఏ సేత్తో అందుకునీవోడివి?"
ఆలోచించాల్సొచ్చింది. చేతులే గాల్లోకి లేచి చూపించాయి.
కుడిది కదురు ఆపుతుంది.
ఎడమది, బొటనవేలూ చూపుడువేలూ,
పరుగెత్తే నారని పట్టీ పట్టనట్టు పట్టి అతికిస్తుంది.
గట్టిగా పడితే మళ్ళీ తెగుతుంది.
"మరింకేటి? ఆ సేతికిచ్చీ."

ఎనిమిదో రోజు ఎడమ చేత్తో పట్టాను,
కత్తిలా కాదు, పోగులా.
చెంప మీద నానిన గోగునార ఒలిచినప్పటి చప్పుడు,
చిన్నగా, ఆగకుండా, చెవి దాకా.
రక్తం లేదు.
పైడమ్మ వెనకనించి చూసి ఏమీ అనలేదు.
అది మెచ్చుకోలు కింద లెక్క.

కుడి దవడ మూల మాత్రం ఒక పొద మిగిలింది,
చంపావతి ఇసకలో రెల్లులా.
ఎటు గీసినా అక్కడికొచ్చి కత్తి దాటేస్తోంది.

ఆరయింది. కూత వేసే గొట్టం వేయలేదు.
కత్తి కడిగి గూట్లో పెట్టబోతే
తవిటయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.
అతని గెడ్డం తెల్లగా, వారం రోజులది.
"తడి వొగ్గకు. కొబ్బరినూని ఒక్క సుక్క రాయి.
పన్లేని ఇనుము బేగి తుప్పడతాది."
ఇద్దరం గేటు వైపు చూడలేదు.

ఆ దవడ మూల సంగతి
రేపు అడగాలి.