పట్నం జట్టు, పచ్చి వడ్లు

మొదటి ఆట పట్నాతోని.
మిర్యాలగూడ మిల్లుల, కాంటా గదిల,
తూకం మిషనుకు ఫోను ఆనిచ్చి పెట్టిన.
కిటికీ అవతల బిర్జూ మాంఝీ,
భుజం మీద గోనెసంచి మడత తియ్యకుంటనే
వాళ్ల దిక్కు జట్టుకు చప్పట్లు కొడుతుండు.
పట్నం, పట్నా.
రాస్తే తేడా ఎంత?
మాకు సున్న, వాళ్లకు దీర్ఘం.
ఆట గూడ గట్లనే నడిచింది:
ఇరవై తొమ్మిది, నలభై నాలుగు.

తూకం చిట్టీ వెనక రాసిపెట్టిన.
ముందల వైపు ఎప్పుడుండేదే:
లారీ నెంబరు, నిండు బరువు, ఖాళీ బరువు,
తీసేస్తే మిగిలింది.

రెండోది రెండు పాయింట్లతోటి పోయింది.
ఏడు లోపల ఓడితే ఓడినోళ్లకు గూడ ఒకటిస్తరు.
ఆ రూలు నాకు మస్తు నచ్చింది.
కొంచెంల ఓడిపోయినోన్ని
ఉత్త చేతులతో పంపకుండుడు.
మా సేటుకు చెప్పిన.
ఆయన కళ్లద్దాలు తుడుసుకున్నడు.

మూడోది సమానం.
ఆఖరి కూతల మన కెప్టెను గీత తాకిండా లేదా అని
ఎనిమిది సార్లు తిప్పి తిప్పి చూపెట్టిండ్రు.
ఎనిమిది సార్లూ తాకిండనే అన్న నేను.
కాంటా మీదున్న ట్రాక్టరాయనకు కోపమొచ్చింది:
"నా వడ్లు తూస్తవా, వాని కాలు తూస్తవా?"

నాలుగోనాడు డేటా అయిపోయింది.
పొద్దున చాయ్ కాడ తెలిసింది, గెలిచిండ్రంట.
ఐదోది రెండు కండ్లతోటి చూసిన. ఓడిండ్రు.

"ఈ జట్టు పనికిరాదు, ఇడిసిపెట్టు" అన్నడు
చాయ్ గ్లాసు కడుగుకుంట పిట్టల సైదులు.
"ఇప్పుడే కోసిన వడ్లు ఇరవై నాలుగు తేమ సూపిస్తయి,
పారబోస్తమా? ఆరబోస్తం" అన్న.
అన్న గని, రాత్రి మబ్బు పడితే
ఏ రైతుకు నిద్ర వడుతది?

అసలు సంగతి చెప్పలేదు.
ఆఖరి కుర్చీల ఒక పిలగాడు కూసుంటడు.
నేనావత్ హర్జ్యా, దేవరకొండ అవతల తండా.
నల్లగొండ పోటీలల్ల వాని కూత ఇన్న ఒకసారి,
మోకాళ్లకు ఎర్రమట్టి, దమ్ము తెగుతలేదు,
ఇంటున్న నాకే ఊపిరాడలే.
ఇప్పుడు వాడు నీళ్ల సీసాలందిస్తడు.
ఐదు ఆటలల్ల టీవీల కనబడ్డది
కూడితే పదకొండు సెకండ్లు.
అవి గూడ చిట్టీ వెనక ఉన్నయి.

ఆరోనాడు కెప్టెను భుజం పట్టుకొని కూలబడ్డడు.
ఇంక నాలుగు నిమిషాలు.
హర్జ్యా తువ్వాల తీసి కుర్చీ మీద పెట్టిండు,
మడత పెట్టిండు, మళ్ల సదిరిండు,
గీత కాడికొచ్చి నేలకు మొక్కిండు,

హారన్.
కోదాడ లారీ కాంటా ఎక్కింది.
ఎర్ర అంకెలు ఉరుకుతున్నయి, నిలుస్తలేవు.
ఇంజను బంద్ చెయ్యమంటే డ్రైవరు ఇంటలేడు.
ఫోను అంకెల వెనకకు జారిపడ్డది.
నేను అంకెలనే చూడాలె. జీతం దానికే.

కిటికీ కాడ బిర్జూ కేక.
"ఏమైందిర?"
వచ్చీరాని తెలుగుల
"మీ పిలగాడు... గిట్ల... ఒక్క కాలు!" అనుకుంట
లారీ పక్కపొంటి కాంటా అంచు మీద
ఎడమ కాలు చాపి పెట్టి చూపెట్టిండు బోనస్ గీతను.
నిలబడ్డ అంకె ఇరవై కిలోలు ఎగిరింది.
"దిగు, దిగు!"
దిగిండు. ఇరవై తగ్గింది.

ఆట ఆరు పాయింట్లతో పోయింది.
ఏడు లోపలనే.
వాని కాలు నేను చూడలేదు,
బిర్జూ కాలు చూసిన. మడమకు పగుళ్లు, ఊక.

చిట్టీ వెనక రాసిన: హర్జ్యా, ఒకటి.
ఆ చిట్టీ డ్రైవరుకే ఇయ్యాల్సొచ్చింది.
ఇంకా పదహారు ఆటలున్నయి.
గేటు బయట కాలువ దాక ట్రాక్టర్లున్నయి.
"తరువాత" అని పిలిచిన.