నలభై లెక్కపెట్టేలోగా

పైడిభీమవరంలో
ఆఖరి షిఫ్టు బస్సు కూడా వెళ్ళిపోయాక
మా పని మొదలవుతుంది.
గొట్టాల అతుకుల లోపల పగుళ్ళుంటే
ఫొటో తియ్యడం మా పని.
పసుపు తాడు కట్టి, ఎర్ర దీపం పెట్టి,
కుక్కల్ని కూడా తోలేసి
అప్పుడు చక్రం తిప్పుతాం.

పెట్టెలోంచి బయటికొచ్చేది
జీడిగింజలో పావువంతు కూడా ఉండదు.

మా అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టేది.
చేతులకి బూడిద రాసుకున్నా
నూనె చిందిన చోట చర్మం లేచిపోయేది.
అయినా అది నిజాయితీ గల మంట,
అంటగానే అరుస్తుంది,
చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది.

"ఇది అరవదు బావూ," అంటాడు అసిరినాయుడు.
"పాము బుసకొడతాది. కుక్క గుర్రుమంటాది.
దీనికి నోరు నేదు.
అందుకే మనమే నోరు సేసుకుని
లెక్కెట్టాల."

చక్రం తిప్పి తాడు దాటడానికి నలభై అంకెలు.
మళ్ళీ వచ్చి వెనక్కి తిప్పడానికి ఇంకో నలభై.
సగం సేపుంటే సగమే తగులుతుంది.
చదువు రాకపోయినా అర్థమయ్యే లెక్కే.

మార్చిలో నాకు చీటీ వాయిదా పడింది.
జేబుకి తగిలించే చిన్న పలక
ఎక్కువ చూపిస్తే పని ఆపేస్తారు,
ఓవర్‌టైము పోతుంది.
పలక తీసి క్యారేజీ సంచిలో
చింతకాయ పచ్చడి పక్కన దాచాను.

అసిరినాయుడు నా ఖాళీ జేబు చూశాడు.
తిట్టలేదు.
నా చేతిలోంచి చక్రం పిడి తీసుకుని
"కాటా దాచేస్తే
బియ్యం బరువు తగ్గిపోతాదేటిరా?" అన్నాడు, అంతే.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో
ఉత్త పెట్టెతో పని చేయించాడు.
ఫిల్ము అతికించు, గొట్టం బిగించు,
తిప్పు, నడు.
యాభై ఎనిమిది. మళ్ళీ.
యాభై ఒకటి. బోల్టు వెతుక్కున్నావు, మళ్ళీ.
చెమట కళ్ళల్లో పడి నలభై ఆరు.
పదకొండోసారికి ముప్పై ఎనిమిది.

"ఆ ఇరవై నీ జీతంలో కలవవు,
ఒంట్లోనూ కలవవు" అని
నీళ్ళ సీసా ఇచ్చాడు.
అప్పుడు చూశాను సీసా పట్టుకున్న చెయ్యి.
రెండు వేళ్ళకి గోళ్ళు లేవు,
చర్మం మైనం పూసినట్టు మెరుస్తోంది.
ఏదో ఊళ్ళో, ఏదో రాత్రి, ఇరుక్కుపోయిన గింజ దగ్గర
ఎంతసేపు నిలబడిపోయాడో
నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇప్పుడు నా పలక నా గుండె మీదే ఉంటుంది.
రాత్రి ముప్పై ఏడుకే తాడు దాటేస్తాను.
రణస్థలం వైపు నుంచి లారీల చప్పుడు,
కొబ్బరిచెట్ల మీదుగా ఉప్పుగాలి.
అందరం బయటే ఉన్నాం.
అయినా అసిరినాయుడు ఆపడు.
చీకట్లో, మెల్లగా,
ముప్పై ఎనిమిది,
ముప్పై తొమ్మిది...