అరువు చెవి

పక్షులంటే చెవి కోసుకునే పన్నెండుమందిని
రీగా నుంచి ఎంగురె సరస్సు దగ్గర దింపి
ఆదివారం మధ్యాహ్నం మళ్లీ ఎక్కించుకోవడం, అంతే నా పని.
కిరాయి కాగితంలో పిట్టల ఊసు లేదు.

మే నెల మొదటి శనివారం.
బర్చ్ చెట్ల ఆకు ఇంకా ఎలుక చెవంతే.
వాళ్లంతా చెక్క మంచె ఎక్కి
మూడుకాళ్ల గొట్టాలకి ఒంటికన్ను ఆనించి
గుసగుసగా కొట్లాడుకుంటున్నారు:
అది నల్లదా,
ఎండకి ఎదురుగా ఉండి నల్లగా కనిపిస్తోందా అని.

నేను టైరుకి ఆనుకుని రొట్టె తింటుంటే
మిర్ద్జా వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్లు.
మగవాళ్ల రబ్బరు బూట్లు,
మెడలో తాడుకి కట్టిన పెన్సిలు.
"నీ వయసెంత?"
ముప్పై ఆరు.
"చెవుడు లేదుగా?"
ఉందనే అంటుంది మా ఆవిడ.
నవ్వలేదు. "రా" అంది.

పొద్దుగుంకాక రెల్లు ఒడ్డున
బోర్లించిన పడవ మీద కూర్చున్నాం.
లోపలెక్కడో రెల్లుకొంగ
ఖాళీ బుంగలో ఊదినట్టు ఊదింది.
"అది నాకూ వినపడుతుంది," అంది.
"లావు గొంతులన్నీ మిగిలాయి.
సన్నవే, ఒక్కొక్కటీ, చెప్పకుండా వెళ్లిపోయాయి.
ముందు పసిడితల పిట్ట.
ఆ ఏడు అడవికి అవి రాలేదేమో అనుకున్నాను.
నా పక్కనే నిలబడి ఓయార్స్
పదకొండు రాసుకున్నాడు."

కాసేపాగి,
"ఇప్పుడు మిడతపిట్ట వంతు.
ఇరవై ఆరేళ్లుగా ఈ మలుపులో దాన్ని లెక్కపెడుతున్నాను.
నువ్వు విను."

విన్నాను.
ముందు నా నెత్తురే వినిపించింది. తర్వాత దోమలు.
అవతలి గడ్డిలో గుర్రాలు పచ్చిక తెంపుతున్న చప్పుడు.
ఆ తర్వాత, వాటన్నిటి వెనక,
పెడలు ఆపేసి వాలులో జారే సైకిలుకి
వెనక చక్రం చేసే కిరకిర.
ఊపిరి తీసుకోవడం లేదు. ఆగడం లేదు.
"ఎంతసేపు?" అంది, గడియారం నా చేతికిచ్చి.
నిమిషం ఇరవై సెకన్లు.
"దూరమై దగ్గరవుతోందా?"
అవుతోంది.
"తల తిప్పుతోంది," అంది,
ఉత్తరం చదివిపెట్టేవాడి నోటికేసి చూసినట్టు
నా చెవికేసి చూస్తూ.

పుస్తకంలో రాసింది: ఒకటి.
పక్కన చిన్న అక్షరాల్లో: డ్రైవరు చెవి.

ఆదివారం తెల్లవారకముందే
ఎవరూ పిలవకుండా నేనే వెళ్లాను.
గాలి. రెల్లంతా ఒకవైపు ఒరిగి ఒకటే రొద.
పావుగంట. ఆమె బూటులోకి నీళ్లొచ్చాయి,
తీసి ఒంపుకుంది, మళ్లీ వేసుకుంది.
"ఉందా?"
ఉంది, అన్నాను.

ఎందుకన్నానో.
అరువిచ్చిన వస్తువు పనిచెయ్యలేదని
ఒప్పుకోవడం ఎవరికిష్టం?
"ఎటు?"
ఆల్డర్ చెట్టు వైపు వేలు చూపించాను.
ఆమె చెట్టుకేసి చూడలేదు. వేలుకేసి చూసింది.
"ఇంత గాలిలో అది పాడదు," అంది నెమ్మదిగా,
తప్పంతా గాలిదే అయినట్టు.
చెవిలో పువ్వు పెట్టబోయిన చెయ్యి
ఎక్కడ దాచుకోవాలో తెలీక
జేబులో తాళాలు తడుముకున్నాను.
ఆమె సున్నా చుట్టింది,
మొదలూ చివరా సరిగ్గా కలిసేదాకా
పెన్సిలు ఎత్తకుండా.

తిరుగు దారిలో అందరూ నిద్ర.
ముందు సీట్లో మిర్ద్జా మెలకువగానే ఉంది.
యూర్మల దాటాక,
"ఇప్పుడేమైనా వినిపిస్తోందా?"
ఫ్యాన్ బెల్టు. కిర్రుమంటోంది. మార్చాలి.
"ఎన్నాళ్లుగా?"
నెల పైనే అయుంటుంది.
ఇవాళే వినిపించింది, అని మాత్రం అనలేదు.
ఆమె తలూపింది.
పెన్సిలు ముట్టుకోలేదు.

రాత్రి షెడ్డులో ఇంజను ఆపాక దిగలేదు.
చల్లారుతున్న ఇనుము టిక్కు, టిక్కు.
మూల ట్యూబులైటు సన్నగా రొద పెడుతోంది.
దానికంటే పైన, ఇంకా సన్నగా
ఏదో ఉందా?
ఆమె వేలుకేసి చూస్తున్నట్టే అనిపించి
రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని
చాలాసేపు విన్నాను.
సున్నా, అని పైకే అన్నాను.