చప్పిడి గడి

పలాస దాటాక మా డయాలసిస్ సెంటరు.
పడకలు పద్దెనిమిది, కంప్యూటరు ఒకటి.
నెత్తురు పక్కగదిలో తిరుగుతుంటుంది,
పేర్లు నా దగ్గర.

పోయిన వైశాఖంలో ఎవరో ఒక పట్టిక ప్రింటు తీశారు.
నాలుగు కాగితాలు. పిన్ను కూడా సరిగ్గా కొట్టలేదు.
అది జీడిబట్టీ మేస్త్రీ జేబులోకి ఎలా పోయిందో గాని
మర్నాటి నుంచి సాలిన ఢిల్లమ్మకు
పిక్క ఒలిచే పని లేదు.

అందుకే ఈ రాత్రి కూర్చున్నాను.
పదకొండు వేల వరసలు.
జబ్బు గడికి తాళం వేస్తే
"ఐదో దశ" కాస్తా
అర్థంలేని అక్షరాల ముద్దయింది.
హమ్మయ్య అనుకుని టీ తాగొచ్చి చూద్దును కదా,
ఐదో దశ ఉన్న ప్రతి గడిలోనూ
అదే ముద్ద.
ఒక్కరి గుట్టు తెలిసినవాడికి
అందరి గుట్టూ తెలిసినట్టే.
లెక్కపెట్టడం వస్తే చాలు, చదవక్కర్లేదు.

అప్పుడు ఉప్పు వేశాను.
ఈ విద్యలో దాని పేరే అది, నేను పెట్టింది కాదు.
వరసకో చిటికెడు,
ఏ చిటికెడూ ఇంకోదానిలా ఉండదు.
నౌపడ మడుల్లో మా అయ్య
మబ్బు పట్టగానే పరుగెత్తి
రాశుల మీద తాటాకు కప్పేవాడు.
ఆయన అరచేతి పగుళ్లలో ఉప్పు
ఏ రాత్రీ నిద్రపోలేదు.
ఆ మంట నా వేళ్లకు రాలేదు,
చిటికె కొలత మాత్రం వచ్చింది.

ఆధార్ అంకెకు వేయలేదు.
దాన్ని వెతకాలి;
తెల్లారి నాలుక్కి మందస ఆటో దిగినవాళ్లకు
అంకె కొట్టి మంచం చూపించాలి.
అదొక్కటీ చప్పిడి.
నాకు దానిమీద ఇంకా బెంగే.

తాళంచెవి ఈ మిషన్లో ఉంచలేదు.
గుమ్మానికే వేలాడేస్తే తాళమెందుకు?
ఎక్కడుందో డాక్టరుకీ నాకూ తెలుసు.
ఇద్దరం ఒకే బస్సు ఎక్కం.

పొద్దున్నే ఢిల్లమ్మ వచ్చింది,
సూది గుచ్చే చోట చెయ్యి పాములా ఉబ్బి.
స్క్రీను తిప్పి చూపించాను.
"ఇది నానేనా?"
నువ్వే.
"ఒలమ్మా, నన్ను నానే సదవలేను."
ఉప్పేశానప్పా, ఇంక ఎవరికీ దొరకవు, అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు.
ఒళ్లో టిఫిను డబ్బా,
ఏడాదిన్నరగా అదే ఉప్పులేని కూడు.
"మిషనుకి ఎట్టినావు గదే గుంటా,
నాకూ ఓ రవ్వ ఎట్టీ."